పడుకోబెట్టకండి

నాంపల్లి స్టేషన్ వెనక వీధిలో మా బాలికల పాఠశాల. అది 1967 ఆగస్టు. ఎనిమిదో తరగతికి శ్వాసవ్యవస్థ పాఠం చెప్పాలి. రెండు వారాలుగా దాన్ని దాటేసి, మొక్కల పాఠాలు ముందుకు జరుపుతూ వచ్చాను. ఇక మొక్కలు మిగల్లేదు.

బోర్డు మీద ఊపిరితిత్తులు గీశాను. వాటి కింద గొడుగులా వంగిన ఉదరవితానం గీశాను. ఊపిరితిత్తులు తమంతట తాము గాలి లాక్కోలేవనీ, ఈ కండరం కిందికి దిగి, పక్కటెముకలు పైకి లేచి చోటు చేస్తేనే గాలి లోపలికి వస్తుందనీ చెప్పాను. పడుకున్నప్పుడు పొట్టలోని భాగాలు ఈ కండరాన్ని పైకి నెడతాయని చెప్పబోతుండగా వరండాలో బకెట్ పడిన చప్పుడైంది.

మా ఆయా యాదవ్వ గోడ పట్టుకుని ఒరిగిపోతోంది. ఆమెకు ఉబ్బసం ఉంది. గాలి ఎలాగో లోపలికి పోతోంది, బయటికి రావడానికే ఈల వేస్తూ అవస్థ పడుతోంది. ప్రధానోపాధ్యాయురాలు సుబ్బరత్నంగారు వచ్చి చాప తెప్పించారు. చల్లగాలి తగులుతుందని కిటికీలు మూయమన్నారు. జయమ్మ టీచర్ యాదవ్వను చాప మీదికి వాల్చింది. యాదవ్వ మోచేతుల మీద లేవాలని చూస్తోంది.

"లేవకు యాదవ్వా, పెద్ద మేడమ్ చెప్తున్నరు గద" అని జయమ్మ ఆమె భుజాలు నొక్కింది.

తొమ్మిది నెలల కిందట నేనూ అదే మాట అన్నాను. నా భార్య విమలకూ ఉబ్బసమే. ఆ సాయంత్రమంతా కూర్చుంటాననే అడిగింది. కూర్చుంటే ఆయాసం పెరుగుతుందని మా మేనత్త శేషారత్నం అన్నారు. మా ఇంట్లో పెద్దల మాటకు ఎదురు చెప్పే అలవాటు లేదు. "అత్తమ్మ చెప్తున్నరు గద, పండుకో" అన్నాను. విమల నా మాట విన్నది. మర్నాటికి లేదు.

"పడుకోబెట్టకండి" అన్నాను. సుబ్బరత్నంగారు నా వైపు చూశారు. ఆవిడ మాటకు అడ్డు చెప్పడం నాకు అదే మొదటిసారి.

యాదవ్వను లేపి స్టూలు మీద కూర్చోబెట్టాను. చేతులు బల్ల మీద ఆన్చి ముందుకు వంగమన్నాను. కిటికీలు తెరిపించాను. పెదవులు దగ్గరికి తెచ్చి, వేడి టీ ఊదినట్టు మెల్లగా ఊదమన్నాను. ఈల తగ్గలేదు గానీ ఆమె కళ్లలో భయం కొంచెం తగ్గింది. ఈలోగా గుమాస్తా వామన్‌రావు రిక్షా తెచ్చాడు.

దవాఖానలో ఇంజక్షన్ ఇచ్చిన గంటకు ఆమెకు మాట వచ్చింది.

"సారూ, గీ ముచ్చట మా కోడలికి జెప్పాలె. జర దమ్మొస్తె సాలు, పండుకో పండుకో అని గుంజుతది."

సరేనన్నాను. ఆ తర్వాత విమల సంగతి చెప్పాను. అంతవరకు ఎవరికీ చెప్పలేదు.

"గప్పుడు మీకేం తెలుసు సారూ" అంది.

"తెలుసు యాదవ్వా. పన్నెండేండ్ల సంది గదే పాఠం చెప్తున్న."

ఆమె నన్ను ఓదార్చలేదు.

"అయితె ఇయ్యాల్నే రారి" అంది. "రేపంటె రేపే అయితది."

గౌలిగూడలో బస్సుల అడ్డా వెనక ఆమె ఇల్లు. మమ్మల్ని చూడగానే కోడలు గాభరాగా పక్క పరిచింది. నేను ఆ పక్క చుట్టి గోడకు ఆనించి, కోడలిని దగ్గరికి పిలిచాను.