క్యావన్ గెలిచిన మర్నాడు

మొండయ్య ఎడమ చేత్తో సాబ్ దవడ చర్మాన్ని సాగదీసి పట్టుకుని, సబ్బు నురగ మీద రేజరును మెల్లగా పైకి లాగాడు. ముప్పై మూడేళ్లు సూరత్‌లోని పాండేసరా మగ్గాల మీద తెగిన పోగులు ముడివేసిన వేళ్లు అవి. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాక, అడాజన్‌లోని ఈ ఫ్లాటులో ముసలాయనకు తోడుగా కుదిరాడు.

"ఆట గురించి ఎవ్వలన్న ఏమన్న చెప్పిన్రా?" అన్నాడు ఓవెన్ సాబ్. దాదాపు చూపు పోయిన కళ్లు గోడ వైపున్నాయి.

"ఎవ్వలు చెప్తరు సాబ్? తొవ్వల మనిషే లేడు."

సాబ్‌ది ఐర్లండ్‌లోని క్యావన్. హజీరా ఫ్యాక్టరీల్లో యంత్రాలు బిగించడానికి వచ్చి, కరీంనగర్ నర్సు సుమనను పెళ్లాడి, ఇక్కడే ఉండిపోయాడు. ఆయన తెలుగంతా ఆమె నేర్పిందే. ఆమె పోయి ఆరేళ్లు.

చేత్తోనూ కాలితోనూ ఆడే ఆ దేశపు ఫుట్‌బాల్ పోటీలు ఏటా ఎండాకాలంలో జరుగుతాయి. ఈసారి కరోనా వల్ల నవంబరు చలిలో పెట్టారు. ఒక్క ఆట ఓడితే ఇంటికే. అల్‌స్టర్ ప్రాంతపు ఫైనల్‌కు క్యావన్ చేరింది. ఆ కప్పు గెలిచి ఇరవై మూడేళ్లు. ఆట నిన్న రాత్రే అయిపోయింది. కొత్తగా వచ్చిన రాత్రి కర్ఫ్యూ వల్ల మొండయ్య పెందలాడే వడోద్‌లోని తన గదికి చేరాలి. అందుకని పొద్దున చూద్దామనీ, అప్పటిదాకా ఫలితం చెవిన పడనీయొద్దనీ సాబ్ ఒట్టు వేయించుకున్నాడు.

స్నానాల గదిలో రేజరు కడుగుతుంటే ఫోన్‌లో వీడియో కాల్ వెలిగింది. సాబ్ చెల్లెలు నోరా. అక్కడింకా తెల్లవారలేదు, అన్న లేచే వేళ కోసం కాచుకున్నట్టుంది. భుజాల మీద క్యావన్ నీలం జెండా కప్పుకుని, ఏడుస్తూ నవ్వుతోంది. ఇంగ్లీషు రాకపోయినా మొండయ్యకు అర్థమైంది. పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ఆమె ఏదో బతిమాలింది.

"బాద్ మే, అమ్మా," అని, తర్వాత అన్నట్టు చెయ్యి ఊపి పెట్టేశాడు.

ట్యాబ్లెట్‌లో ఆట మొదలైంది. సాబ్ చెవులు దానికి అప్పగించి కూర్చున్నాడు.

"జనం ఎంతమంది?"

"ఒక్కలు లేరు సాబ్. వట్టి కుర్చీలే."

"క్యావన్ ఫైనల్ కుర్చీలు చూస్తున్నయ్," అని సాబ్ నవ్వాడు.

సగం ఆట అయ్యాక రోజూ అడిగే మాటే అడిగాడు. "గంగవ్వ ఎప్పుడొస్తది?"

"వస్తది సాబ్. రైళ్లు మంచిగ నడువనీ."

గంగవ్వ మేలో కూలీల రైలెక్కి సిరిసిల్లకు పోయింది. ఆగస్టులో జ్వరంతో చనిపోయింది. భార్య చితిని మొండయ్య వడోద్ గల్లీలో నిలబడి ఫోన్లో చూశాడు. ఆ సంగతి సాబ్‌కు చెప్పలేదు. గంగవ్వ గురించి అడిగే మనిషి సూరత్‌లో ఆయనొక్కడే. చెబితే ఆ అడగడం ఆగిపోతుంది.

చివరి నిమిషాల్లో నీలం చొక్కాల వాళ్లు గోల్ కొట్టారు. ముందే తెలిసి కూడా మొండయ్య "గోల్!" అని అరిచాడు. సాబ్ రెండు పిడికిళ్లూ పైకెత్తాడు. అవి చాలాసేపు దిగలేదు.

"తొంభై ఏడుల సుమన గిట్లనే ఒర్రింది," అన్నాడు. "జర చాయ్ పెట్టు మొండయ్యా. ఇయ్యాల చక్కెర వెయ్యి."

పాలు పొంగే దాకా స్టవ్ దగ్గర నిలబడ్డాడు మొండయ్య. ఇంత సంతోషపు రోజున చెబితే సాబ్ తట్టుకుంటాడనిపించింది. చాయ్ తెచ్చి స్టూలు మీద పెట్టి, ఆయన మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

"సాబ్, గంగవ్వ రాదు. ఆగస్టులనే పోయింది."

సాబ్ ఏం అనాలో వెతుక్కుంటున్నాడనుకుని మొండయ్య ఆగాడు. కిటికీ గట్టు మీది ట్యాబ్లెట్‌లో, ఖాళీ మైదానంలో ఆటగాళ్లు ఒకర్నొకరు కావలించుకుంటున్నారు. అప్పుడు తిరిగి చూశాడు. సాబ్ తల భుజం మీదికి వాలి ఉంది.

మధ్యాహ్నం ప్లాస్టిక్ సూట్లు తొడుక్కున్న ఇద్దరు స్ట్రెచర్‌తో వచ్చారు. వెంట రావొద్దన్నారు. వాళ్లు లిఫ్టు ఎక్కాక నోరా మళ్లీ ఫోన్ చేసింది. మొండయ్య ముఖం చూస్తూనే ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇన్నడమ్మా. గెలిచింది ఇన్నడు," అన్నాడు. ఆమెకు తెలుగు రాదన్న సంగతి గుర్తుకు రాలేదు. "ఇన్నంకనే పోయిండు."

ఫోన్ ఆగిపోయాక కుర్చీని గోడకు జరిపాడు. గడప దగ్గర, స్ట్రెచర్ మీంచి జారిన సాబ్ కుడికాలి చెప్పు బోర్లాపడి ఉంది.