స్పర్శరేఖను స్పర్శరేఖ అనే రాస్తా

శుక్రవారం పొద్దున ప్రూఫుల కట్ట విప్పగానే సుహాసినికి ఒళ్ళు మండింది. సదానందం సార్ రాసిన తెలుగు మీడియం డిగ్రీ లెక్కల పుస్తకం అది. రెండొందల పన్నెండు గ్రాఫులు. ప్రతి గ్రాఫు పక్కనా హైదరాబాద్ ప్రచురణ సంస్థ వాళ్ళు ఎర్ర సిరాతో ఒకటే మాట రాసి పంపారు: "పేర్లు ఇంగ్లిష్‌లోకి మార్చాలి."

హన్మకొండలో పండరి ప్రెస్సులో పద్నాలుగేళ్ళుగా పేజీలు కట్టేది ఆమే. లెక్కల పుస్తకాలకు లేటెక్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంది. సమీకరణం ఎట్లుండాలో మాటల్లో రాసిస్తే అదే పేర్చి పేజీ చేసిపెడుతుంది. గ్రాఫులు మాత్రం లైబ్రరీ అని పిలిచే వేరే ప్రోగ్రాముతో గీయించి, బొమ్మలుగా తెచ్చి అతికించాలి. చిక్కంతా అక్కడే. ఆ లైబ్రరీకి తెలుగు ఒత్తులు తెలియవు. 'స్పర్శరేఖ' అని ఇస్తే 'స్ పర్ శరేఖ' అని విరిచి పెట్టేది.

"మనకెందుకే సుహాసినీ, ఇంగ్లిష్‌ల పెట్టి పంపుదాం" అన్నాడు ప్రెస్సు యజమాని పండరి. "మంగళవారం ఆ సంస్థ ఎడిటర్ చంద్రమౌళి సారొచ్చి ఫైళ్ళు తీసుకపోతడట."

"నేను పెట్టనన్నా."

ఆ మొండితనం ఊరికే రాలేదు. కొత్తవాడలో జంపఖానాలు నేసే నర్సింగం బిడ్డ ఆమె. తను చదివిన డిగ్రీ పుస్తకంలో పాఠం స్పర్శరేఖ అనేది, బొమ్మ టాంజెంట్ అనేది. రెండూ ఒకటేనని చెప్పిన నాథుడు లేడు. సగం ఏడాది అవి వేర్వేరు గీతలనుకుంది. ఆ పేపర్ పోయింది. బిడ్డకు లెక్కలు రావని ఇంట్లో తీర్మానించేశారు. కొన్నాళ్ళు తనూ నమ్మింది.

శనివారమంతా పేర్లు విడిగా చేసి గ్రాఫుల మీద అతికించి చూసింది. బొమ్మ చిన్నది చేస్తే అక్షరాలు చీమలయ్యాయి, పెద్దది చేస్తే అలుక్కుపోయాయి. ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదికలో అడిగితే, ఎవరో పుణ్యాత్ముడు ఇంగ్లిష్ వాడుకోమని సలహా ఇచ్చాడు. ఆమె కంప్యూటర్ ముందే ఫక్కున నవ్వింది.

ఆదివారం ఆ లైబ్రరీని ఎట్లా వాడాలో చెప్పే పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి పట్టుకుంది. మధ్యాహ్నానికి దారి దొరికింది. గ్రాఫును బొమ్మగా కాకుండా, లేటెక్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా రాసిమ్మని లైబ్రరీని అడగవచ్చు. గీతలు లైబ్రరీ గీస్తుంది, అక్షరాలు లేటెక్ పేరుస్తుంది. వెంటనే చేసింది. కంప్యూటర్ ఫాంట్ లేదని మొరాయించింది. గంట కొట్టుకున్నాక తెలిసింది: పేరు ఎంత పొడుగో కొలవడానికి లైబ్రరీ తనంతట తానే లేటెక్‌ను పిలుస్తోంది. తెలుగు ఫాంట్ సంగతి తను పుస్తకం ఫైలులో రాసింది గాని లైబ్రరీకి చెప్పలేదు. ఒక్క వాక్యం కలిపింది.

'స్పర్శరేఖ' వచ్చింది. పకార ఒత్తు, శకార ఒత్తు, అన్నీ ఉన్నచోట ఉన్నాయి. పేజీలో అక్షరమెంతో గ్రాఫులోనూ అంతే.

సోమవారం సదానందం సార్ వచ్చి చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "సుహాసినీ, నేను గీసిచ్చిన బొమ్మల గీ గీత వక్రాన్ని కోస్తాండె గదా బిడ్డా. ఇప్పుడు సక్కగ తాకింది."

"సమీకరణం నుంచే గీసింది సార్. చేత్తోని గీసింది కాదు."

మంగళవారం సదానందం సార్ ఉండగానే చంద్రమౌళి వచ్చాడు. పేజీలు తిప్పి, "బాగుంది" అన్నాడు. "కానీ కుదరదమ్మా. అన్ని భాషల ఎడిషన్లకూ మావి ఒకే బొమ్మలు. అయినా గ్రాఫుల్లో తెలుగు నిలబడదు. అది కంప్యూటర్ సంగతి."

"గా మాట కంప్యూటర్ అన్నదా సార్, మీరంటాండ్రా?"

అతను ఉలిక్కిపడ్డాడు. ఆమె గ్రాఫుల్లోని పేర్లన్నీ విడిగా రాసుకున్న పట్టీ మార్చి, మీట నొక్కి చూపించింది. అవే గ్రాఫులు ఇంగ్లిష్ పేర్లతో వరుసగా దిగాయి. మళ్ళీ మార్చింది, తెలుగులో దిగాయి. "ఏ ఎడిషన్‌కు ఆ పట్టీ. మీకేం కష్టం?"

"రిస్కు తీసుకోలేం. ఇంగ్లిష్ పేర్లవే పంపండి."

"నేనైతే పంప. ఇంకెవరితోనన్న చేయించుకోండ్రి."

చంద్రమౌళి పండరి వైపు తిరిగాడు. "ఏమండీ, మీ ప్రెస్సు ఆపరేటర్ చెప్పినట్టు నడుస్తుందా?"

అప్పటిదాకా కిందికి చూస్తున్న పండరి తలెత్తాడు. "నడుస్తది సార్. పద్నాలుగేండ్లసంది గట్లనే నడుస్తాంది."

సదానందం సార్‌కు అరవై ఎనిమిదేళ్ళు. ఈ పుస్తకానికి ఏడేళ్ళు పెట్టాడు. పెద్ద సంస్థ పేరు మీద చూసుకోవాలని ఆశ. సుహాసిని ఆయన ముఖం చూడలేకపోయింది. తన పంతానికి ఆయన పుస్తకం బలవుతుందేమోనని మొదటిసారి భయమేసింది.

"సార్, పుస్తకం మీది" అంది మెల్లగా. "మీరు పెట్టమంటే..."

"నాతోని ఆ మాట అనిపియ్యకు బిడ్డా" అన్నాడాయన. ప్రూఫుల కట్ట తీసి చంకలో పెట్టుకున్నాడు. "చంద్రమౌళి గారూ, మనం ఒప్పందం మీద సంతకం చెయ్యలేదు. నా పుస్తకం నేను తీసుకుంటాన్న."

పుస్తకం పండరి ప్రెస్సు పేరుతోనే, మూడొందల కాపీలు అచ్చయింది. పెద్ద సంస్థ పేరు లేదని రెండు కాలేజీలు వద్దన్నాయి. సదానందం సార్ కాపీలు సంచిలో వేసుకొని స్టేషన్ ఘన్‌పూర్ దాకా బస్సుల్లో తిరిగాడు. లోపలి పేజీలో, 'గ్రాఫులు: సుహాసిని' అని ఆయనే పట్టుబట్టి వేయించాడు.

మూడో నెలలో చంద్రమౌళి ఫోన్ చేశాడు. తమిళం పుస్తకం గ్రాఫుల్లో తమిళ పేర్లు పెట్టబోతే అక్షరాలు విరుగుతున్నాయట. "ఆ ఫైలు ఒకసారి పంపిస్తారా, మేడం?"

"ఫైలు ఒక్కటే ఏం చేసుకుంటరు సార్" అంది సుహాసిని. "మీ మనిషిని హన్మకొండ తోలియ్యండ్రి. పక్కన కూసోబెట్టుకొని నేర్పిస్త."