విడి కార్డు

మహబూబ్ తాడేపల్లిగూడెంలో ఒక తవుడు నూనె మిల్లులో బాయిలర్ చూసేవాడు. ఇల్లు ఏలూరు వన్‌టౌన్‌లో. ఇరవై రెండేళ్లు సీజన్ టికెట్ కొనుక్కుని పాసింజర్ బండిలోనే వెళ్లొచ్చాడు. మధ్యలో మిల్లు ఒకసారి చేతులు మారింది. కొత్త యజమాని నాలుగేళ్లు నడిపి, ముందటేడు వేసవిలో గేటుకి తాళం వేసేశాడు. అప్పటికి మహబూబ్‌కి యాభై ఏడు. ఆ వయసులో బాయిలర్ పనికి ఇంకెవరూ తీసుకోలేదు. రాత్రి కాపలాకి ఒక కల్యాణ మండపంలో కుదిరాడు.

ఇంట్లో ముగ్గురే. అతనూ, భార్య సఫియా, చెల్లెలు మెహజబీన్. మెహజబీన్ భర్త తాపీ మేస్త్రీ. పరంజీ మీంచి పడి చనిపోయాడు. పిల్లల్లేరు. అప్పట్నుంచీ, అంటే పదకొండేళ్లుగా, ఆవిడ అన్న దగ్గరే ఉంటోంది. వితంతు పింఛను వచ్చేది. ప్రతి ఒకటో తారీఖు పొద్దున్నే వార్డు సచివాలయం నుంచి కిరణ్ కుమార్ అనే కుర్ర ఉద్యోగి వచ్చి, వేలిముద్ర వేయించుకుని నాలుగు వేలు ఇచ్చి వెళ్లేవాడు. అందులో మూడు వేలు ఆవిడ అప్పటికప్పుడే సఫియా చేతిలో పెట్టేది. మిగిలిన వెయ్యి షుగర్ మాత్రలకీ, పైఖర్చులకీ. తన తిండి తను తెచ్చుకుంటున్నానని ఆవిడ ఎన్నడూ అనలేదు గానీ, కూరలో ఉప్పు తక్కువైందని ధైర్యంగా చెప్పగలిగేది ఆ మూడు వేల వల్లే.

మిల్లు మూసిన ఆ ఏడు వర్షాలకి వెనక గది రేకులు పూర్తిగా పోయాయి. మెహజబీన్ పడుకునేది ఆ గదిలోనే. మంచం ఎటు జరిపినా చుక్కలు పడేవి. పీఎఫ్ డబ్బు తీసి రేకులు మార్పిద్దామని మహబూబ్ అనుకున్నాడు. మిల్లు చేతులు మారినప్పుడే పాత లెక్క మూసేసి, ఆ డబ్బు తల్లి ఆపరేషన్‌కి తీసేశాడు. మిగిలింది చివరి నాలుగేళ్లది. నెలనెలా పెన్షన్ రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి, కొత్త లెక్కలో అంత లేదు కాబట్టి పెన్షన్ భాగం కూడా కలిపి ఒకేసారి తీసుకోవచ్చని చెప్పారు.

"ఉండనివ్వండి భయ్యా. ఇంకెక్కడైనా పని దొరికితే కలుపుకోవచ్చంట కదా. రేకుల మీద పట్టా కప్పుకుందాం," అంది మెహజబీన్.

"పట్టా కిందెన్నాళ్లు పడుకుంటావమ్మా?" అన్నాడు.

డబ్బు వచ్చింది. అయిదేళ్లు నిండలేదని పదమూడు వేలు టాక్స్ కింద పట్టుకుని, మిగతాది ఖాతాలో వేశారు. లక్షా డెబ్బై వేల చిల్లర. రేకులు మార్చారు, గోడలకి సున్నం వేయించారు, పాత బాకీలు రెండు తీర్చారు. మరుసటి ఏడు జూన్‌లో, పాత బస్టాండు దగ్గర నెట్ సెంటర్ పెట్టుకున్న సుకుమార్ ఆ పదమూడు వేల సంగతి విని ఆశ్చర్యపోయాడు.

"అదేంటండీ బాబూ, అలా వదిలేశారు? మీకు టాక్సే పడదు. రిటర్న్ వేస్తే మొత్తం వెనక్కొచ్చేస్తుంది. నాకు అయిదొందలిస్తే చాలు."

నెలన్నరకి ఆ డబ్బు కూడా వచ్చేసింది. ఆ సాయంత్రం మహబూబ్ కిలో మటన్ తెచ్చాడు. సుకుమార్ మంచివాడని ఇంట్లో ముగ్గురూ అనుకున్నారు. నిజానికి అతను తప్పేమీ చెయ్యలేదు కూడా.

అక్టోబరు ఒకటిన కిరణ్ కుమార్ వీధిలోకి వచ్చాడు, పక్కింటి ముసలామెకి ఇచ్చాడు. వీళ్ల గుమ్మం ముందు ఆగి, మిషన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

"మెహజబీన్ గారూ, ఈ నెల మీ పేరు రాలేదండీ."

"పొరపాటేమో, ఇంకోసారి చూడు బాబూ."

"చూశానండీ. మీ అన్నగారిని ఒకసారి ఆఫీసుకి రమ్మనండి."

మహబూబ్ ఆ మధ్యాహ్నమే వెళ్లాడు. కిరణ్ కుమార్ కంప్యూటర్ అతని వైపు తిప్పి చూపించాడు. మూడు పేర్లూ ఒకే కుటుంబం కింద ఉన్నాయి. మహబూబ్ పేరు పక్కన ఎర్రగా ఏదో ఉంది.

"మీరు రిటర్న్ వేశారు కదా, ఇన్‌కమ్ టాక్స్ కట్టేవారని వస్తోందండీ. ఇంట్లో ఒక్కరు టాక్స్ కట్టినా పింఛను ఆగిపోతుంది. బియ్యం కార్డు కూడా."

"నేను కట్టలేదు బాబూ. వాళ్లే పట్టుకున్నారు, మళ్లీ వాళ్లే ఇచ్చేశారు. నాకు నెలకి వచ్చేదే ఏడు వేలు."

"నాకు అర్థమైందండీ. సిస్టమ్‌కి అర్థం కాలేదు. అర్జీ పెడదాం."

అర్జీ పెట్టారు. ఇరవై రోజులకి అది పరిష్కారమైపోయినట్టు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. నవంబరులోనూ పేరు రాలేదు. వెళ్లి అడిగితే, విచారించి అనర్హులని తేల్చి మూసేశారని చెప్పాడు కిరణ్ కుమార్. మళ్లీ పెట్టారు. బ్యాంకు పుస్తకం, రిఫండ్ కాగితం, మండపం వాళ్లు రాసిచ్చిన జీతం చీటీ అన్నీ జతచేశారు. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల వరుసలో రెండుసార్లు నిలబడ్డాడు. రెండుసార్లూ కాగితం తిరిగి కిరణ్ కుమార్ బల్ల మీదకే వచ్చింది.

బియ్యం బయట కొనాల్సి వచ్చింది. సఫియా నోరు జారలేదు. అసలామె కటువుగా మాట్లాడే మనిషి కాదు. కానీ మెహజబీన్ రెండోసారి అన్నం వడ్డించుకోవడం మానేసింది. కూర ఎలా ఉందని అడిగితే "బావుంది భాభీ" అనేది, ఎలా ఉన్నా. డిసెంబరులో ఒకరోజు దులుపుతుంటే దిండు కింద మాత్రల అట్ట దొరికింది సఫియాకి. మాత్రలన్నీ సగానికి విరిచి ఉన్నాయి.

"ఏమిటిది జబీన్?"

"రెండు పూటలా ఒక్కొక్కటి ఎక్కువైపోతోంది భాభీ. కళ్లు తిరుగుతున్నాయి. అందుకని."

సఫియా నమ్మలేదు. భర్తకి చెప్పింది. మహబూబ్ ఆ అట్ట జేబులో పెట్టుకుని సచివాలయానికి వెళ్లి కిరణ్ కుమార్ ముందు పెట్టాడు. ఆ కుర్రవాడు అట్ట తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"ఒక దారి ఉందండీ. చెప్పడానికి నాకు బాగోలేదు. మీ చెల్లెలు గారు వేరే ఇంట్లో, వేరే కుటుంబంగా ఉంటే ఆవిడకి విడి కార్డు పెట్టుకోవచ్చు. మీ పేరుతో సంబంధం ఉండదు."

"కాగితం మీద అలా రాసేస్తే పోదా?"

"వచ్చి చూస్తారండీ. చుట్టుపక్కల వాళ్లని అడుగుతారు. ఇంటి దగ్గరే ఫోటో తీసి పంపాలి. నేను అబద్ధం రాస్తే నా ఉద్యోగం పోతుంది."

"భర్త పోయిన ఆడమనిషిని ఇంట్లోంచి పంపితే డబ్బులిస్తారన్నమాట," అన్నాడు మహబూబ్. కోపంగా కాదు, మామూలుగానే.

ఆ మాట ఇంట్లో చెప్పకూడదనుకున్నాడు. కానీ సఫియాకి చెబుతుండగా వెనక గదిలోంచి మెహజబీన్ వింది. పది రోజులు ఏమీ అనలేదు. కొల్లేటికోట నుంచి ఆ వీధికి చేపలు తెచ్చి అమ్మే అచ్చమ్మతో మాత్రం గుమ్మంలో కూర్చుని మాట్లాడటం సఫియా రెండు మూడుసార్లు చూసింది. పదకొండో రోజు పొద్దున అన్నకి టీ ఇస్తూ మెహజబీన్ చెప్పింది.

"అచ్చమ్మ గారింటి పక్కన ఒక గది ఖాళీగా ఉందట భయ్యా. అద్దె ఎనిమిది వందలు. అక్కడ రొయ్యల తలలు తీసే షెడ్డు ఉందట. కిలోకింత అని ఇస్తారట."

"మేం నిన్ను ఏమన్నామమ్మా?"

"ఏమీ అనలేదు. అనలేదు కాబట్టే వెళ్లగలుగుతున్నాను. అన్నాక వెళ్తే మళ్లీ రావడానికి ఉండదు."

సఫియా ఏడ్చింది. మహబూబ్ టీ తాగలేదు. జనవరి మొదటివారంలో ఒక ట్రంకు పెట్టె, పరుపు, స్టవ్ ఆటోలో వేసుకుని ముగ్గురూ వెళ్లారు. దారి పొడుగునా చేపల చెరువులే. గట్ల మీద మేత బస్తాలు, నీళ్లకి గాలి పట్టిస్తూ తిరుగుతున్న చక్రాలు. గది చిన్నదే అయినా గట్టిగా ఉంది. అచ్చమ్మ వీళ్లకి అన్నం పెట్టింది.

ఆధార్‌లో అడ్రస్ మారడానికి నెల పట్టింది. కుటుంబం విడిపోయినట్టు రికార్డులో ఎక్కడానికి మరో నాలుగు. విచారణకి వచ్చిన అధికారి గది చూశాడు, పొయ్యి చూశాడు, ఒక్క కంచమే ఉందో లేదో చూశాడు. "మీ అన్నగారితో గొడవా?" అని అడిగాడు. అవునని చెబితే పని తొందరగా అవుతుందని ఎవరో అంతకుముందే చెప్పారు. మెహజబీన్ అవునంది.

షెడ్డులో ఐసు మీంచి తీసిన రొయ్యలు. మొదటి నెలకే వేళ్ల చివర్లు పగిలిపోయాయి. ఒక వేలికి ముల్లు గుచ్చుకుని మానలేదు. షుగర్ ఉన్న ఒళ్లు కదా, చీము పట్టి గోరు ఊడింది. పొద్దున నాలుగింటికే వెళ్లాలి. జూలై ఒకటిన అక్కడి సచివాలయం అమ్మాయి వచ్చి వేలిముద్ర అడిగింది. కుడి చేతి వేళ్లు అయిదూ మిషన్ తీసుకోలేదు. ఎడమ బొటనవేలు తీసుకుంది. నాలుగు వేలు ఇచ్చింది.

ఆ ఆదివారం మహబూబ్ వెళ్లాడు. చెల్లెలు బాగా చిక్కిపోయింది. అయినా మొహంలో ఏదో నిలకడ కనిపించింది. కుర్చీ లేకపోతే ట్రంకు పెట్టె మీద కూర్చోబెట్టింది.

"పింఛను వచ్చింది కదా. ఇంక వచ్చెయ్యి. షెడ్డుకి వెళ్లకు."

"వచ్చేస్తే మళ్లీ మీ పేరు కిందకే వస్తుంది భయ్యా."

"కిరణ్ కుమార్‌ని అడిగాను. వచ్చే ఏడు నా పేరు మీంచి ఆ ఎర్రది పోవచ్చన్నాడు."

"పోకపోవచ్చు అని కూడా అనుంటాడు."

కిరణ్ కుమార్ అదీ అన్నాడు. మహబూబ్ ఆవిడ చెయ్యి పట్టుకుని వేళ్లు చూశాడు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఆ పీఎఫ్ డబ్బు తియ్యకుండా ఉండాల్సింది," అన్నాడు చివరికి.

"నా కోసమే కదా తీశారు. మీరు దాని గురించి ఆలోచించకండి. వస్తూ ఉండండి. ఆదివారాలు రండి. భాభీని కూడా తీసుకురండి. ఒకటో తారీఖున మటుకు రావద్దు. ఆ అమ్మాయి వచ్చే రోజు. గొడవని చెప్పాను కదా, మిమ్మల్ని ఇక్కడ చూస్తే బాగోదు," అంది.

సరేనన్నాడు. సఫియా పంపిన రొట్టెలు పెట్టె మీద పెట్టి లేచాడు. ఆకివీడు నుంచి వచ్చే బస్సు ఎంతకీ రాలేదు. ఆవిడ తోడుగా రోడ్డు దాకా వచ్చింది గానీ, కాస్త ఎడంగా, చెరువు గట్టు మీదే నిలబడింది.