నిండు సిలిండర్

అంబులెన్స్‌లో పంతొమ్మిదేళ్ళు పనిచేశాక నన్ను శిక్షణ కేంద్రంలో కూర్చోబెట్టారు. మోకాళ్ళు అరిగిన వాళ్ళని పక్కన పెట్టడానికి మా ఆఫీసులో ప్రమోషన్ అని పేరు. అక్కడ కొత్తవాళ్ళు కళ్ళకి నల్ల డబ్బా ఒకటి తగిలించుకుని, ఖాళీ గదిలో లేని రోగుల్ని బతికిస్తుంటారు. వర్చువల్ రియాలిటీ అంటారు దాన్ని. పాఠం ముగిసినా, మధ్యలో రోగి పోయినా, కుడివైపు పైన ‘మళ్ళీ’ అనే మీట కనిపిస్తుంది. గాలిలో వేలితో నొక్కితే చాలు, చచ్చినవాడు లేచి మొదటినుంచి జబ్బు పడతాడు.

ఆ పాఠాలు తయారుచేసే ఇంజనీరుతో నేను పోట్లాడింది ఒక్క విషయానికే. డ్యూటీ ఎక్కగానే, టీ కూడా తాగకుండా, ఆక్సిజన్ సిలిండర్ తిప్పి మీటరు ముల్లు ఎక్కడుందో చూడాలి; పాఠంలో అది లేదు. మా రోజుల్లో అది చూడనివాణ్ణి డ్రైవరు బండి ఎక్కనిచ్చేవాడు కాదు.

“అది పెడితే పిల్లలకి బోరు కొడుతుంది మేడమ్. సిలిండర్ నిండుగానే ఉందనుకుందాం,” అన్నాడతను.

“అనుకుంటే నిండుతుందా?”

మూడు వారాలు వాదించాను. నాలుగో వారం విసుగొచ్చి సంతకం పెట్టేశాను. ఆ ఫైల్లో ఇప్పటికీ ఉంది, గుండ్రంగా, అందంగా.

మా అక్కకి ఉబ్బసం. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. నాలుగో అంతస్తులో ఇద్దరమే ఉండేవాళ్ళం. “ఊరందరికీ ఊపిరి పోస్తావు, నాకో కప్పు కాఫీ పొయ్యడానికి నీకు తీరికుండదు,” అని దెప్పేది.

ఆ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. మాట రాలేదు, ఈల వేసినట్టు ఊపిరి మాత్రం వినిపించింది. బండి పంపమని చెప్పి, రెండు వీధుల అవతలున్న ఇంటికి పరుగెత్తాను. లిఫ్ట్ పనిచెయ్యడం లేదు. నేను మెట్లెక్కి వెళ్ళేసరికే ‘తొంభై ఎనిమిది’ అక్కడుంది. పరీక్షలో వందకి అన్ని మార్కులు ఇంకెవరికీ రాలేదని ఆ పిల్లని అందరం అలాగే పిలిచేవాళ్ళం. భుజం తట్టి బండెక్కించింది నేనే.

బాగానే చేసింది. అక్కని నిటారుగా కూర్చోబెట్టింది. “భయపడకండి పెద్దమ్మా, నేనున్నాను,” అంటూ మాస్కు తగిలించి సిలిండర్ తిప్పింది. చప్పుడు రాలేదు. ముల్లు సున్నా మీద ఉంది. పెద్ద సిలిండర్ బండిలోనే బిగించి ఉంది, నాలుగు అంతస్తుల కింద.

అప్పుడు ఆ పిల్ల కుడిచెయ్యి పైకి లేచింది. గోడ మీది క్యాలెండర్ పక్కన, ఖాళీ గాలిలో వేలితో నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

ఆ వేలు దేనికోసం వెతుకుతోందో నాకు తెలుసు. చెంప పగలగొట్టాలనిపించింది. దానికి తీరికెక్కడ? అక్కని కుర్చీలోకి ఎత్తి, డ్రైవరూ ఆ పిల్లా నేనూ కిందికి మోశాం. రెండో అంతస్తు దగ్గర, నా చొక్కా పట్టుకున్న అక్క చెయ్యి వదులైపోయింది.

విచారణలో ఆ పిల్ల తలెత్తలేదు. “క్లాసులో ఎప్పుడూ నిండుగానే ఉండేది మేడమ్,” అంది. ఉద్యోగం తీసేశారు. నా సంతకం గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సిగ్గు లేదా అంటే ఉంది. ధైర్యమే లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మా ఆఫీసుని మించినవాళ్ళు లేరు. రెండు నెలలు తిరిగేసరికి ఇంజనీరు కొత్త పాఠం పట్టుకొచ్చాడు.

“ఈసారి సిలిండర్ చూడటం కూడా పెట్టాం మేడమ్. మీరొకసారి చేసి చూసి, సంతకం పెడితే అయిపోతుంది.”

డబ్బా తగిలించుకున్నాను. నాలుగో అంతస్తు, ఉబ్బసం, అరవై ఏళ్ళ మనిషి. లిఫ్ట్ కూడా ఆపేశాడు, శ్రద్ధగలవాడు. బండి దగ్గరే ముల్లు చూశాను. సున్నా. సిలిండర్ మార్చి, మెట్లెక్కి, మాస్కు పెట్టాను. ముఖం ఎవరిదో గానీ, ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. వందకి వంద వచ్చాయి.

‘మళ్ళీ’ నొక్కాను. మళ్ళీ బతికింది. అలా ఏడుసార్లు నొక్కాను.

“చాలు కదా మేడమ్,” అన్నాడు ఇంజనీరు, మెల్లగా.

డబ్బా తీసి, కళ్ళు తుడుచుకుని, సంతకం పెట్టి ఇంటికి వచ్చాను. లిఫ్ట్ ఇంకా బాగుచెయ్యలేదు.