రామలు వద్దన్న కంకణం

మారిషస్ దీవిలో కాంప్ ద మాస్క్ అనే ఊళ్లో టాక్సీ నడిపే రామలుకి లోకంలో రెండే నమ్మకాలు. ఒకటి అమ్మోరు, రెండోది తన పాత మోరిస్ కారు. మిగతావాళ్లందరూ ఏదో ఒకటి మనసులో పెట్టుకునే తన దగ్గరికి వస్తారని అతని అభిప్రాయం. పాలు పోసేవాడు రెండు చుక్కలు ఎక్కువ పోస్తే, రేపు నీళ్లు కలపడానికే అనేవాడు. భార్య పోలమ్మ అడక్కుండానే చారు వేడి చేసి పెడితే, "ఏటి కావాల నీకు?" అని అడిగేవాడు. అలాంటి మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసినందుకు పోలమ్మకి దణ్ణం పెట్టాలి.

స్వాతంత్ర్యం కావాలని కొందరూ, వద్దని కొందరూ ద్వీపమంతా గొంతులు చించుకుంటున్న రోజులవి. ఊళ్లో కొట్టు అరుగు మీద సాయంత్రాలు చేరే మోటారు పిచ్చోళ్లకి మాత్రం ఆ గొడవ పట్టలేదు. వాళ్ల నోట్లో ఒకటే మాట, వాల్డోర్. అదొక కారు పేరు. ప్రపంచం మొత్తానికి డెబ్బై అయిదే చేశారట, చేశాక అచ్చులు పగలగొట్టేశారట. అందులో ఒకటి ఓడెక్కి మారిషస్‌కి వస్తోంది. శనివారం పొద్దున రాజధాని పోర్ లూయీలో ఒక కార్ల షాపువాళ్లు దాని మీద ముసుగు తీసి జనానికి చూపిస్తారు. ఎవరు కొన్నారో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ కారు బొమ్మని పత్రికలోంచి కత్తిరించి, రామలు తన ఇంట్లో సింహాద్రి అప్పన్న పటం పక్కనే గోడకి అంటించాడు.

"నేను దీపం ఎడతంది అప్పన్నకో, నీ లోటోకో తెలీకండా ఉంది" అని పోలమ్మ రోజూ విసుక్కునేది. లోటో అంటే ఇక్కడివాళ్ల మాటలో కారే.

రామలు కోరిక పెద్దదేమీ కాదు. ఆ కారు తనకి రాదని అతనికి తెలుసు. ఒక్కసారి అందులో కూర్చుని స్టీరింగు మీద రెండు చేతులూ వెయ్యాలి, అంతే. పుట్టినప్పటినుంచీ ఇంకేదీ ఇంతగా కోరుకోలేదు. వరసలో ముందు నిలబడ్డవాణ్ణి షాపువాళ్లు ఎక్కించుకుని షాం ద మార్స్ మైదానం చుట్టూ తిప్పుతారని, పట్నం నుంచి వచ్చిన ఒక డ్రైవరు అరుగు మీద చెప్పాడు. కన్నతల్లి చెప్పినా నమ్మని రామలు ఈ ముక్క మాత్రం అడ్డు ప్రశ్న లేకుండా నమ్మేశాడు.

ఇక పోలమ్మ అన్న వీరాస్వామి సంగతి. చెరకు ఎస్టేటు దొర మిస్యే గారికి, ఆయన భార్య మదాం మిషెలిన్‌కి వీరాస్వామి డ్రైవరు. ఆ ఉద్యోగానికి మొదట పిలిచింది రామలునే. జీతం చెప్పగానే రామలు, "ఇంత ఎందుకిస్తన్నారు? ఏటి చేయించుకుంతారు నాసేత?" అని మదాం మొహం మీదే అడిగాడు. మర్నాడు ఉద్యోగం వీరాస్వామికి పోయింది. బావే లోపల ఏదో చెప్పి తన నోటి దగ్గర కూడు లాగేశాడని రామలు అప్పటినుంచీ మనసులో పెట్టుకున్నాడు.

ఆ వీరాస్వామి ఈమధ్య ఒక పాట పట్టుకున్నాడు.

"ఈ యేడు అమ్మోరి కంకణం నువ్వు కట్టించుకో బావా."

అమ్మోరి పండగకి వారం ముందు, ఆదివారంనాడు, ఊళ్లో ఒక మగవాడి కుడిచేతికి పసుపు దారంతో కంకణం కడతారు. అతను వారమంతా నిష్ఠగా ఉండి, పండగనాడు అమ్మోరి ఘటం ఎత్తుకోవాలి. అది పెద్ద గౌరవమే. అయితే కంకణం చేతికి పడిందంటే పండగ అయ్యేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. తాతల కాలంనుంచీ ఎవరూ దాటలేదు.

కంకణం కడితే ఆ వారంలోనే పడిన శనివారం రామలు ఊళ్లోనే ఉండిపోవాలి. కారు పోర్ లూయీలో ఉంటుంది.

"నేనెందుకు?" అన్నాడు రామలు, కళ్లు చిన్నవి చేసి.

"నీకు మంచిదని సెప్తన్నాను."

"ఏటి మంచి?"

వీరాస్వామి ఆకాశం వైపు చూశాడు. "వాన వొచ్చీలా ఉంది" అని లేచిపోయాడు. మబ్బు తునక లేదు.

అక్కడే రామలుకి పురుగు తొలిచింది. ఆ రోజునుంచీ బావ వెనకే రెండు కళ్లూ వేసి ఉంచాడు. వెతికేవాడికి దొరక్కుండా ఉంటుందా? ఒక సాయంత్రం మదాం మిషెలిన్ నెత్తిన గుడ్డ కప్పుకుని, గుడి వెనక తలుపు దగ్గర నారాయణస్వామి మాస్టారితో మాట్లాడుతూ కనిపించింది. మాస్టారు పిల్లలకి తెలుగు చెప్తారు, భజన నడుపుతారు, గుడి పెద్ద కూడా ఆయనే. పక్కన కాపలాగా వీరాస్వామి నిలబడ్డాడు. రామలుని చూడగానే ముగ్గురూ మాట ఆపేశారు. ఇంకో రోజు వీరాస్వామి, ఎద్దుబండి తోలే ముసలి చిన్నయ్యా కలిసి గుడి ముందు కాలువ మీద మందపాటి చెక్కలు పరుస్తున్నారు.

"ఏటిది?"

"పండక్కి జనం వొత్తారు గదా" అన్నాడు వీరాస్వామి, తల ఎత్తకుండా.

"జనం ఏనుగుల మీదొత్తారా?"

వీరాస్వామి ఇంకో చెక్క ఎత్తుకున్నాడు. వాల్డోర్ ఎవరు కొన్నారని అడిగితే "పా కోనే, తెలీదు" అంటాడు. ఆ తెలీదులో ఏదో తెలిసిన రుచి రామలు నాలిక్కి తగిలింది.

ఇంటికొచ్చి పోలమ్మకి లెక్క అప్పజెప్పాడు. "మీ అన్న శనివారం వరసలో ముందు నిలబడాలని సూత్తన్నాడు. నన్ను ఊళ్లో కట్టేసి తను ఎక్కుతాడు. మాస్టారుని కూడా కలుపుకున్నాడు."

"మా అన్న రోజూ లోటోలోనే తిరుగుతాడు. ఆడికి వరసెందుకు?" అంది పోలమ్మ.

మంచి ప్రశ్నే. రామలు దాన్ని చెవిన పెట్టలేదు.

ఆదివారం గుడి ముందు ఊరంతా చేరింది. మాస్టారు పసుపు కొమ్ము కట్టిన దారం పళ్లెంలో పెట్టి, "ఈ యేడు కంకణం రామలుకి" అన్నారు. జనం సంతోషంగా చప్పట్లు కొట్టారు. వీరాస్వామి మొహం చాటంత అయింది. ఆ మొహం చూశాకే రామలు గట్టిగా నిర్ణయించుకున్నాడు.

వద్దంటే ఊరు ఊరుకోదు. అమ్మోరి కంకణం వద్దనడానికి ఒకటే దారి, మైల. ఇంట్లో చావు తగిలినవాడు గుడి మెట్టు ఎక్కకూడదు.

"నాకు మైల మాస్టారూ. లెస్కాలియేలో మా ఎంకన్న సిన్నాన్న పోయినాడు."

ఎంకన్న రామలు తండ్రికి తమ్ముడు. ఏదో పాత మాట పట్టింపుతో ఏళ్లుగా రాకపోకలు లేవు. గుండ్రాయిలా ఉన్నాడు. బతికున్న మనిషిని అమ్మోరి ముందే చంపేశాడు రామలు. పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జనం దాన్ని ఏడుపనుకున్నారు.

"అయ్యో, ఎప్పుడు బాబూ? మాకు తెలీనే లేదు. వాళ్ల ఊరి గుడికి పరామర్శ కబురు పంపుతాను" అన్నారు మాస్టారు.

"ఎందుకు మాస్టారూ, మీకు శ్రమ" అన్నాడు రామలు. అప్పటికే అతని మనసు పోర్ లూయీలో ఉంది.

వీరాస్వామి పరిగెత్తుకొచ్చి గుడి బయట పట్టుకున్నాడు. "మైల నిజమేనా బావా? నా మాట ఇను. ఈ వారం నువ్వు ఊళ్లోనే ఉండాల."

"ఉండాలా? ఎందుకో సెప్పు."

"సెప్పలేను."

"సెప్పలేవు. నాకు తెలుసు గదా" అని రామలు చెయ్యి విదిలించుకున్నాడు. కంకణం ముసలి చిన్నయ్య చేతికి కట్టారు. చిన్నయ్యకి కారంటే ఎద్దుల్ని బెదరగొట్టే ఒక చప్పుడు, అంతకుమించి ఏమీ తెలియదు.

శనివారం మొదటి బస్సుకే రామలు పోర్ లూయీ చేరాడు. తన టాక్సీలో వెళ్లలేదు. బావ ఏ చక్రంలోనో గాలి తీసి ఉంటాడని అనుమానం. షాపు ముందు అప్పుడే తాడు కట్టారు. తాడుకి పొట్ట ఆనించి అందరికంటే ముందు నిలబడ్డాడు. వెనక జనం పెరిగారు. చేతుల్లో అచ్చు కార్డులు పట్టుకుని దొరలూ, టోపీల దొరసానులూ తాడు పక్కనుంచి నేరుగా లోపలికి వెళ్లారు. అద్దాల గది మధ్యలో ఎర్ర తివాచీ ఉంది. దాని మీద కారు లేదు.

"లోటో ఏదీ?" అని తాడు దగ్గర నిలబడ్డ షాపు మనిషిని అడిగాడు.

"వస్తుంది."

"ముందు నిలబడ్డోడిని నేనే. నన్ను ఎక్కించుకుంతారు గదా?"

షాపు మనిషి అతన్ని పైనుంచి కిందికి చూసి నవ్వాడు. "ఎవరు చెప్పారు నీకు? కార్డు ఉన్నవాళ్లకే దగ్గరికి రానిస్తాం. నువ్వు ఇక్కణ్ణుంచే చూడు."

రామలు తాడు వదల్లేదు. ఎండ నెత్తిమీదికొచ్చింది. కారు రాలేదు. అసలు కారే లేదేమో, ఇదంతా దొంగ నాటకమేమో అని ఒకసారి, బావ దాన్ని దారిలోనే ఎత్తుకుపోయాడేమో అని ఒకసారి అనుకుంటూ నిలబడే ఉడికిపోయాడు.

అప్పుడు వీధి చివర చప్పుడైంది. అంత మెత్తని ఉరుము రామలు ఎప్పుడూ వినలేదు. నీలం రంగు వాల్డోర్, నేలకి పొట్ట ఆనించినట్టు, జనాన్ని చీల్చుకుంటూ వచ్చి, దారి లేక సరిగ్గా తాడు పక్కనే ఆగింది. తోలుతున్నది వీరాస్వామి. షాపు యజమాని గుండెలు బాదుకుంటూ బయటికొచ్చి, ముసుగు తీసే ఉత్సవం కోసం ముందు ముసుగు కప్పండి, గుడ్డ తెండి అని కేకలేశాడు.

రామలు వాల్డోర్‌ని చూశాడు. చెయ్యి చాపితే అందుతుంది. చాపబోయి ఆగిపోయాడు. ఇంజను మూత అంచున, తుడిచినా పూర్తిగా పోని పసుపు మరక ఉంది. దాని మధ్యలో కుంకుమ బొట్టు. ముందు చక్రం గాడిలో నలిగిన నిమ్మకాయ తొక్క ఇరుక్కుని ఉంది.

కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేది ఎవరో రామలుకి ఒకరు చెప్పాలా? తన మోరిస్‌కి అలా తొక్కించింది కాంప్ ద మాస్క్ అమ్మోరి ముందే. కాలువ మీద చెక్కలు గుర్తొచ్చాయి. రెండు చేతులతో తాడు పట్టుకున్నాడు.

వీరాస్వామి అద్దం దించాడు. "లోటో మా మిస్యేదే బావా. పోయిన తుఫానులో ఆయన కారు లోయలో పడింది గదా, అప్పుడు మదాం అమ్మోరికి మొక్కుకుంది. ఆయన బతికి బయటపడితే, కొత్త లోటోని ముందుగా అమ్మోరి ముందర నిలబెడతానని, కంకణం కట్టుకున్నోడి సేతే మొదట స్టీరింగు పట్టించి నిమ్మకాయలు తొక్కిత్తానని. దొరలకి తెలిత్తే నవ్వుతారని, ఎవుళికీ సెప్పొద్దని నా సేత అమ్మోరి మీద ఒట్టేయించుకుంది. నేనేటి సెయ్యను? కట్టించుకో, కట్టించుకో అని నీ ఎనకాల తిరిగినాను."

 రామలు, "మరి ఎవులు కూకున్నారు?" అన్నాడు.

"సిన్నయ్య మామ. స్టీరింగు పట్టుకుని హో, హో అన్నాడు."

రామలు కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడలేదు, తుడుచుకోనూ లేదు. వంగి, చక్రం గాడిలోంచి నిమ్మ తొక్కని గోటితో పీకి గుప్పిట్లో పెట్టుకున్నాడు. షాపు మనిషి "ఏయ్, ముట్టుకోకు!" అని అరిచాడు.

"ఇంకో మాట బావా" అన్నాడు వీరాస్వామి, గొంతు తగ్గించి. "మీ సిన్నాన్న వొచ్చినాడు."

"ఏ సిన్నాన్న?"

"సచ్చిపోయినోడు. మాస్టారు పంపిన కబురు ఆయనకే అందింది. పోయింది ఎవులో సూద్దారని పొద్దున్న బస్సుకి దిగినాడు. పూజ జరుగుతంటే సరీగా అమ్మోరి ముందరే వొచ్చి నిలబడ్డాడు. ఊరంతా సూసింది."

అంతలో నలుగురు మనుషులు పెద్ద తెల్లగుడ్డ తెచ్చి కారు మీద కప్పేశారు. వీరాస్వామి మొహం కూడా గుడ్డ కిందికి పోయింది.

రామలు ముసుగు తీసేదాకా ఆగలేదు. మధ్యాహ్నం బస్సెక్కి ఇంటికొచ్చాడు. గుడి ముందు నడవాల్సి వచ్చినప్పుడు, చెక్కల మీద చక్రాల జాడ చూడకుండా తల వంచుకున్నాడు. అరుగు మీద మోటారు పిచ్చోళ్లు అతన్ని చూసి నవ్వలేదు. నవ్వితే బాగుండేది. అందరూ ఒక్కసారే మాట ఆపేశారు. ఈసారి ఎందుకు ఆపారో రామలుకి అనుమానం లేదు.

ఇంట్లో ఎంకన్న చిన్నాన్న పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. పోలమ్మ చారు వడ్డిస్తోంది. గోడ మీద అప్పన్న పటం పక్కన ఖాళీ చోటు ఉంది. కారు బొమ్మని పోలమ్మ పీకేసినట్టుంది.

గడపలో నిలబడిపోయిన రామలుని ఎంకన్న తలెత్తి చూశాడు. ఏళ్ల తరవాత చూడటం. తిడతాడనుకున్నాడు రామలు. కొడతాడేమో అని కూడా అనుకున్నాడు. ఎంకన్న పక్కకి జరిగి పీట మీద చోటు చూపించాడు.

"రా రా రామలూ. నా దినం బోజనం నేనే తింటన్నాను. నువ్వు కూడా రెండు ముద్దలు తిను."

పోలమ్మ ఇంకో కంచం పెట్టింది. ఎందుకు పెట్టిందని రామలు అడగలేదు. నిమ్మ తొక్క ఉన్న గుప్పిట విప్పలేక, కూర్చుని ఎడమచేతిని వెనక దాచుకున్నాడు.