దిబ్బ మట్టి బలం

పెరట్లో వేసిన నిమ్మ మొక్క మళ్ళీ ఎండిపోయింది. వేసినవన్నీ అంతే.

"ఇక చాలు. రేపు మేస్త్రీని రమ్మన్నాను. గచ్చు చేయిస్తే బండి పెట్టుకోవచ్చు," అన్నారు మా ఆయన.

"కొందరి చెయ్యి అంతే," అన్నారు అత్తయ్య, గోడతో చెబుతున్నట్టుగా.

వంటగదిలోంచి అడుగు బయట పెడితే నాకంటూ ఉన్నది ఆ పెరడొక్కటే. అదీ బండి పాలు కాబోతోంది. కోపంగా మొక్కను పీకాను. వేళ్ళకి నల్లటి పొడి, గాజుపెంకుల్లాంటి ముక్కలు అంటుకుని వచ్చాయి.

"గుంటలో ఏం మట్టి వేశారు?" అని ఆయన్ని అడిగాను.

"వెనక దిబ్బ మీది నల్లమట్టి. మంచి బలం. ప్రతిసారీ అదేగా వేస్తున్నాను."

ఆ దిబ్బ దగ్గరే వాళ్ళ ముత్తాతలు బట్టీలు పెట్టి ఇనుము తీసేవారట. చుట్టాలు ఎవరొచ్చినా ఈ కథ తప్పదు.

"అది మట్టి కాదండీ. మీ వాళ్ళు పారబోసిన బొగ్గుపొడి, ఇనుము తీశాక మిగిలిన చిట్టెం."

"నల్లగా ఉంది కదా."

"మసి కూడా నల్లగానే ఉంటుంది."

"ఊరందరి నాగళ్ళకీ మా ఇనుమే తెలుసా?"

"నాగళ్ళు ఊళ్ళోకి పోయాయి. చెత్త మనకి మిగిలింది. ఇంతకీ బొగ్గుకి చెట్లెక్కడివి?"

"ఆ కొండ మీదవే. అప్పట్లో అడవిట."

ఇద్దరం కొండ వైపు చూశాం. మేక కూడా మొహం చాటేసే బోడిగుండు. వాన పడితే చాలు, దాని బురదంతా మా గుమ్మం ముందు కాలువలోకే.

"పెద్దల పనిని అలా తీసిపారెయ్యకమ్మా," అన్నారు అత్తయ్య.

మర్నాడు మేస్త్రీ గునపం వేయగానే ఖంగుమంది. తలకాయంత చిట్టెం గడ్డ. మా ఆయన దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని హాల్లోకి తీసుకెళ్ళి, నా పింగాణీ కప్పులు పక్కకి నెట్టి షోకేసులో పెట్టారు.

ఒళ్ళు మండింది. మండుతుండగానే బుద్ధి కూడా పనిచేసింది.

"ఇంకా లోతున ఎన్ని ఉన్నాయో," అన్నాను. "గచ్చు వేస్తే ఇక అంతే సంగతులు."

ఆయన మొహం మారింది. "మేస్త్రీ, ముందు పెరడంతా తవ్వించు."

"తెచ్చిన సిమెంటు గడ్డకడుతుందండీ."

"కట్టనీ."

చిట్టెం అంతా బయటికొచ్చింది. గచ్చు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఖాళీ అయిన చోట మా అన్నయ్య పొలం నుంచి మట్టి తెప్పించి, ఇంకో నిమ్మ మొక్క నాటాను. షోకేసు నిండా చిట్టెం గడ్డలే, నా కప్పులు అటకెక్కాయి. ఆ రాళ్ళ దుమ్ము దులిపే పని మాత్రం నా మీదే పడింది.

మొక్క చిగురు వేసింది.

"మావాడు తవ్వించాడు కాబట్టి బతికింది," అంటూ అత్తయ్య బకెట్‌తో పెరట్లోకి వచ్చారు. అడుగున దిబ్బ మట్టి.

"కాస్త బలానికి," అన్నారు.

బకెట్ అందుకున్నాను.

"పెద్దలది కదా అత్తయ్యా, నేల మీద పోయడమేమిటి. పదండి, షోకేసులో పోద్దాం."