మంచం కింద బ్యాటరీ

నేను ఒక బ్యాటరీని. పన్నెండు వోల్టులదాన్ని. తాళం తిప్పగానే ఇంజన్ను లేపడం నా పని. ఆ తర్వాత ఇంజనే నాకు ఛార్జి పెడుతుంది. నన్ను ఖాళీ చెయ్యకుండా, చెయ్యి అందే చోట ఉంచితే చాలు. ఈపాటి సంగతి మనుషుల బుర్రకెక్కదు.

మొదట పెళ్ళి బ్యాండు వాళ్ళ వ్యానులో ఉండేదాన్ని. డ్రైవరు గవరయ్య ఏడో తరగతి తప్పినవాడు. అయినా వారం వారం తన సీటు పక్కనున్న రేకు మూత ఎత్తి, నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోసి, టెర్మినళ్ళకు పట్టిన చిలుము గుడ్డతో తుడిచేవాడు. అతని దగ్గర ఒక్కరోజు కూడా మొరాయించలేదు నేను.

తర్వాత ఆ వ్యాన్ను కోదండపాణి గారు కొన్నారు. తునిలో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయిన లెక్చరర్. విద్యుత్తు పాఠం పుస్తకం చూడకుండా చెప్పేవారట! భార్య హైమవతిగారితో ఊళ్ళు తిరగాలని వ్యానులో మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్జు పెట్టించారు. బాగానే ఉంది. అంతటితో ఆగారా? వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. వ్యానుకండీ, వాస్తు! ఇంటి ముందున్న బండి చుట్టూ ఆయన ఓసారి తిరిగి, "బ్యాటరీలో ఆమ్లం ఉంది, అగ్నితత్త్వం. ఆగ్నేయంలో ఉండాలి" అన్నాడు. లెక్చరర్ గారు తలూపారు. బండి మలుపు తిరిగితే ఆగ్నేయం ఎటు పోతుందని ఇద్దరిలో ఒక్కరైనా అనుకోవద్దూ?

నన్ను పెరికి వెనక మూలకు చేర్చి, పైన మంచం బిగించారు. పదహారు స్క్రూలు, వాటి మీద నున్నటి లామినేట్. ఇక నీళ్ళు పోసేదెవరు, తుడిచేదెవరు? పైగా ఫ్రిజ్జు, ఫ్యాను, లైట్లు అన్నీ నా నెత్తినే. "లోపలి సామానుకి వేరే బ్యాటరీ పెట్టుకోండి సార్" అని ఎలక్ట్రీషియన్ మొత్తుకుంటే, "నాకు చెప్తావటయ్యా?" అన్నారు.

లంబసింగి వెళ్ళాం. మనుషులు గజగజ వణికే ఆ చలిలో పెరుగు పులిసిపోతుందని రెండు రోజులు బండి కదపకుండా ఫ్రిజ్జు నడిపాడు మహానుభావుడు. మూడోరోజు పొద్దున ఆరింటికి, విశాఖ నుంచి హైమవతిగారి అక్క కూతురు ఫోన్ చేసింది.

"పిన్నీ, అమ్మని పదకొండింటికి ఆపరేషన్ థియేటర్లోకి తీసుకెళ్తారంట. గుండె బలహీనంగా ఉందంటున్నారు. నిన్ను ఒక్కసారి చూడాలంటోంది. వచ్చెయ్ పిన్నీ."

తాళం తిప్పారు. 'టక్' అన్నాను. నాలో మిగిలింది అంతే.

తోద్దామంటే బండి గుంటలో ఉంది. అటుగా వచ్చిన జీపు డ్రైవరు సింహాద్రి తన బ్యాటరీ నుంచి కరెంటు ఇద్దామని కేబుళ్ళు తీసి, నా జాడ విని నోరు వెళ్ళబెట్టాడు. "మంచం కింద పెట్టడమేంటి సార్! అమ్మగారిని నా జీపులో దించేత్తాను, ఎక్కమనండి."

"పది నిమిషాలు. విప్పేస్తాను. మన బండిలోనే వెళ్దాం" అన్నారు కోదండపాణి గారు.

లామినేట్ కింద ఏ స్క్రూ ఎక్కడుందో ఆయనకే తెలియదు. ఏడయింది. స్క్రూడ్రైవర్ జారి వేలు తెగింది. "ఏవండీ, నేను వెళ్తానండీ" అంటోంది ఆవిడ. "ఇదిగో, అయిపోయింది" అంటారీయన. ఎనిమిదిన్నరకు హైమవతిగారు ఇక అడగలేదు. చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి, అప్పటిదాకా ఆగి ఉన్న సింహాద్రి జీపెక్కారు.

ఆయన చివరికి మంచం పలక పగలగొట్టి నన్ను బయటికి తీసేసరికి పన్నెండు. అప్పుడే హైమవతిగారి ఫోనొచ్చింది. "అక్క గంటసేపు తలుపు వైపే చూసిందటండీ. నేను మెట్లెక్కుతుంటే లోపలికి తీసుకెళ్ళిపోయారు." సాయంత్రం ఇంకో ఫోనొచ్చింది. అక్కగారు మళ్ళీ కళ్ళు తెరవలేదు.

ఈ మనుషులంటే నాకు ఒళ్ళుమంట. ఉండనీ. ఆ పొద్దున ఆవిడ కోసం ఒక్కసారి, ఒక్క తిప్పుకి ఇంజన్ను లేపగలిగి ఉంటే ఎంత బాగుండేది! అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పాడైపోయిన నన్ను వాళ్ళింటి అరుగు మీద పడేశారు. పాత సామాన్లవాడు రావాలి. నిన్న కొత్త బ్యాటరీని డ్రైవరు సీటు పక్కనే పెట్టించి, కోదండపాణి గారు భార్యను పిలిచారు.

"చూడు హైమా, ఇప్పుడు చెయ్యి చాపితే అందుతుంది."

ఆవిడ గుమ్మం దిగలేదు. "అక్కకి చెప్పండి" అని లోపలికి వెళ్ళిపోయింది.